అఫిడవిట్ ఇచ్చినా పేరు గొడవ తెగడం లేదా?

పదో తరగతి మెమోలో కె. వెంకటలక్ష్మి. ఆధార్‌లో కోట వెంకట లక్ష్మి. పాన్‌లో లక్ష్మి ముందుకొచ్చి కోట చివరికి పోయింది. పొలం పాసుపుస్తకంలో ఒట్టి లక్ష్మమ్మ. ఇవి ఉదాహరణకి రాసిన పేర్లే గానీ, ఇలాంటి మనిషి లేని ఇల్లు మన దగ్గర అరుదు. చివరికి ఎవరో ఒకరు చెబుతారు: "నోటరీ దగ్గర ఒక అఫిడవిట్ కొట్టించు, అయిపోతుంది."

చాలాసార్లు అవ్వదు. అఫిడవిట్ పేరును మార్చదు. ఈ పేర్లన్నీ నావే అని ప్రమాణం చేసి చెప్పడం వరకే దాని పని. నోటరీ కూడా మీ పేరు ఇదేనని తేల్చడు. ఫలానా మనిషి నా ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టారని మాత్రమే ముద్ర వేస్తాడు. అందుకే స్టాంపు పేపరు కొనేముందు ఒకటి చూసుకోండి: అభ్యంతరం పెట్టింది మనిషా, కంప్యూటరా?

సమస్య: పాన్-ఆధార్ లింకులోనో పీఎఫ్‌లోనో "పేరు సరిపోలలేదు" అని వస్తోంది

ఇక్కడ అడ్డం పడింది కంప్యూటరు. అది అక్షరాలు పోల్చుకుంటుంది గానీ అఫిడవిట్ చదవదు. మన పేర్లతో చిక్కు ఎక్కడంటే, మనకి ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరంగా. పాన్ దరఖాస్తులో ఇంటిపేరు గడిలో ఇనీషియల్ ఒప్పుకోరు కాబట్టి అక్కడ పూర్తిగా విప్పి రాస్తారు. ఆధార్ తీసిన రోజున కేంద్రంలో కుర్రాడు విన్నది విన్నట్టు కొట్టేశాడు. వెంకటలక్ష్మి ఒక మాటా, రెండు మాటలా? లక్ష్మిలో ఇంగ్లిషు కె-ఎస్-హెచ్ ఉందా, ఎక్స్ ఉందా? ఎవరూ అడగలేదు.

దీనికి అఫిడవిట్ పెట్టకండి, డబ్బు దండగ. ఒక కాగితాన్ని సవరించి రెండోదానికి కలపాల్సిందే. దేన్ని దేనికి కలపాలన్నదే అసలు ప్రశ్న. చదువుకున్నవాళ్లు పదో తరగతి మెమోని తల్లివేరుగా పట్టుకోవడం మేలు. దాన్ని మార్చడం అన్నిటికన్నా కష్టం, ఉద్యోగం దగ్గర మొదట అడిగేదీ అదే. ఆధార్‌లో పేరు మార్పుకి మామూలుగా జీవితంలో రెండే అవకాశాలు. పాన్‌కి కలుపుదామని ఒకసారి, మెమోకి కలుపుదామని ఇంకోసారి వాడేస్తే పాస్‌పోర్టు వేళకి చేతిలో ఏమీ మిగలదు.

సమస్య: బ్యాంకులోనో, బీమా క్లెయిమ్‌లోనో, భూమి కాగితాల దగ్గరో "ఈ ఇద్దరూ ఒకరేనని రుజువేంటి?" అంటున్నారు

ఇక్కడ అడిగేది మనిషి. అఫిడవిట్ పుట్టిందే ఇందుకు. అయితే సరిగా రాయించుకోవాలి. కోర్టు బయట టైపు చేసేవాళ్ల దగ్గర తయారుగా ఒక నమూనా ఉంటుంది, పేరు మార్చి అచ్చు తీసిస్తారు. అందులో "నా పేరు పలు కాగితాల్లో వేర్వేరుగా ఉంది" అని ఉంటే పనికిరాదు. ఎన్ని కాగితాల్లో ఎన్ని రకాలుగా ఉందో అన్నీ పడాలి, ఆ కాగితం నంబరుతో సహా. అచ్చులో తప్పుంటే ఆ తప్పుతోనే ఎత్తి రాయాలి. "మెమోలో కె. వెంకటలక్ష్మి అనీ, ఆధార్‌లో కోట వెంకట లక్ష్మి అనీ, పట్టాదారు పాసుపుస్తకంలో లక్ష్మమ్మ అనీ ఉన్న పేర్లు మూడూ నావే, ఆ పేర్లు గల మనిషిని నేనొక్కదాన్నే" అన్న తరహాలో. తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఏ పని కోసం ఇస్తున్నదీ, ఇకపై ఏ పేరు వాడేదీ చేర్చండి. ఇంగ్లిషు స్పెల్లింగుదే తకరారైతే తెలుగులో రాయించి లాభం లేదు, ఆ తేడా తెలుగు లిపిలో కనపడదు.

వేలిముద్ర వేసేవాళ్ల విషయంలో, తెలుగులో చదివి వినిపించి అర్థం చెప్పామన్న వాక్యం కింద ఉండాలి. ఇది మర్చిపోవడం వల్ల తిరిగొచ్చిన కాగితాలు నేను చాలా చూశాను.

సమస్య: అఫిడవిట్ ఇచ్చాం, వెనక్కి పంపేశారు

ముందు తేదీలు చూడండి. స్టాంపు పేపరు కొన్న తేదీ సంతకం తేదీ తర్వాతది అయితే అది అక్కడికక్కడే చచ్చిన కాగితం. స్టాంపు ప్రమాణం చేసేవాళ్ల పేరున కొనండి. కొని ఆరు నెలలు దాటితే చెల్లదనే మాట కౌంటర్ల దగ్గర వినిపిస్తుంది. స్టాంపు చట్టంలో ఆ గడువు, వాడని స్టాంపు సొమ్ము వాపసు అడగడానికి పెట్టింది. అయినా గుమాస్తాతో వాదన పెట్టుకునే కంటే కొత్తది కొనడం చవక.

తర్వాత ముద్ర. నోటరీ పేరు, ఆయన పనిచేసే ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు కనపడాలి. 1952 నాటి నోటరీల చట్టం ప్రకారం నోటరీ ధ్రువపత్రానికి ఐదేళ్ల గడువు, ఆ తర్వాత పునరుద్ధరించుకోవాలి. ఆయన రిజిస్టరులో మీ కాగితం ఎక్కిందా, ఆ వరుస సంఖ్య కాగితం మీద వేశారా అడగండి. ముందే ముద్రలు గుద్ది పెట్టుకున్న కాగితం మీద "మీరు రానక్కర్లేదు, ఆధార్ జిరాక్స్ పంపండి చాలు" అంటే ఆ గుమ్మం దిగి వచ్చేయండి. ఎదుట నిలబడకుండా ప్రమాణం ఉండదు. అబద్ధపు అఫిడవిట్ నేరం, రేపు తేడా వస్తే మెడకి చుట్టుకునేది సంతకం పెట్టినవాళ్లకి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తిప్పి పంపితే, వాళ్లకి కావలసింది మేజిస్ట్రేటు ఎదుట చేసిన ప్రమాణం కావచ్చు. ముందే అడిగి, వాళ్ల నమూనా ఉంటే తెచ్చుకోండి.

సమస్య: తేడా ఉన్నది చనిపోయిన తండ్రి పేరులో

ఆయన బదులు ఆయనలా ప్రమాణం చేయలేం. వారసులు తమకు స్వయంగా తెలిసినంత వరకు చెబుతూ అఫిడవిట్ ఇవ్వాలి. దాని ఒక్కదాన్నే నమ్ముకోకండి. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఆయన బతికుండగా రెండు పేర్లూ వాడిన పాత కాగితాలు జత చేస్తే మాటకి బలం వస్తుంది. పాత పన్ను రశీదు ఒక్కోసారి కొత్త స్టాంపు పేపరు కంటే బాగా పనిచేస్తుంది.

సమస్య: పేరే పూర్తిగా మార్చుకున్నాం

శ్రీను శ్రీనివాసరావు కావడం వేరు, శ్రీను ఆదిత్య కావడం వేరు. రెండోదానికి అఫిడవిట్ మొదటి మెట్టు మాత్రమే. పత్రికా ప్రకటన, రాష్ట్ర గెజిట్‌లో ప్రచురణ దాకా వెళ్లాలి. ఆధార్ వాళ్లు కూడా గెజిట్టే అడుగుతారు.

సమస్య: పాస్‌పోర్టు, విదేశం

పాస్‌పోర్టు దరఖాస్తుకి జత చేసే అనుబంధాలకి నోటరీ అక్కర్లేదని, తెల్లకాగితం మీద స్వయం ప్రకటన చాలని 2016 డిసెంబరులోనే విదేశాంగ శాఖ చెప్పింది. ఇప్పటికీ కొందరు దానికీ స్టాంపు పేపరు కొనిపిస్తున్నారు. ఇక్కడ నోటరీ చేసిన కాగితం విదేశంలో చూపించాలంటే మాత్రం చాలాచోట్ల అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ) అడుగుతారు, ముద్ర ఒక్కటే చాలదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అక్కడి లైసెన్సు మీదా అదే రావచ్చు. దాన్ని ఏ అఫిడవిట్టూ చెరపలేదు. వీసాకి పెట్టుకోకముందే ఇంటిపేరు చేర్చి పాస్‌పోర్టు మళ్లీ తీయించుకోవాలి.