జనరేటర్ ఆగింది, కంపు ఆగలేదు

గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ దగ్గర, సుమారు 7,000 అడుగుల ఎత్తులో, మా పాత మోటార్‌హోమ్ (లోపలే ఉండడానికి వీలైన ఇల్లులాంటి బండి) జనరేటర్ రెండు నిమిషాలు దగ్గి ఆగిపోయింది. స్పార్క్ ప్లగ్ విప్పాను, ఎయిర్ ఫిల్టర్ దులిపాను, ఆయిల్ చూశాను, ఏం లాభం లేదు. తీరా చూస్తే పెట్రోల్ పావు ట్యాంకే ఉంది! బండి నడవడానికి కాస్త మిగలాలని జనరేటర్ గొట్టాన్ని ట్యాంకులో కావాలనే పైకి పెడతారట. ట్యాంకు నింపి, ఎత్తుకు తగ్గట్టు కార్బురేటర్ (గాలి, పెట్రోల్ కలిపే భాగం) మీట జరిపాక స్టార్టయింది.

బండి లోపల వస్తున్న కంపు సంగతి వేరు. "ఏమండీ, మురుగు ట్యాంకు పగిలిందేమో" అని మా ఆవిడ టెన్షన్. అదేం కాదు, బండి మూడు నెలలు కదలక షవర్ కింద వంపు గొట్టంలో కంపును అడ్డుకునే నీళ్లు ఎండిపోయాయి, పైగా మేం పైకప్పు ఫ్యాన్ వేసే ఫ్లష్ చేస్తున్నాం, అది ట్యాంకులోని గాలినంతా లోపలికి లాగేస్తోంది. రెండు చెంబుల నీళ్లు పోశాను, ఫ్యాన్ ఆపాను, గంటలో కంపు పోయింది.