మల్టీప్లేయర్ గేమ్‌లో డబ్బు ఎక్కడ పోతోంది? సమస్య - పరిష్కారం

సమస్య: గేమ్ బాగుందంటున్నారు, లాబీ (ఆట మొదలయ్యేవరకు ప్లేయర్లు వేచి ఉండే చోటు) మాత్రం ఖాళీగా ఉంటోంది.

కారణం: గేమ్‌లు తయారుచేసే చిన్న టీమ్‌లు ఎక్కువగా మునిగేది ఇక్కడే. అయిదుగురు చొప్పున రెండు జట్లు ఆడే గేమ్ అనుకోండి. రాత్రి తొమ్మిదింటికి 200 మంది ఆన్‌లైన్‌లో ఉన్నారు. మీరేమో నాలుగు రీజియన్లు (ప్రాంతాలవారీ సర్వర్లు), మూడు మోడ్‌లు (ఆట రకాలు) పెట్టారు. అంటే మ్యాచ్ కోసం వేచి ఉండే క్యూలు పన్నెండు. ఒక్కో క్యూకి సుమారు పదహారు మంది వస్తారు. పది మంది మ్యాచ్‌లోకి వెళ్తే మిగిలిన ఆరుగురి స్క్రీన్ మీద 'ప్లేయర్ల కోసం వెతుకుతున్నాం' అంటూ చక్రం తిరుగుతూనే ఉంటుంది. రెండు నిమిషాలు చూసి అన్‌ఇన్‌స్టాల్ చేస్తారు. వాళ్లను రప్పించడానికి యాడ్స్ మీద పెట్టిన డబ్బూ వాళ్లతోనే పోతుంది.

పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తప్పలేదు. సోనీ 'కాంకర్డ్' అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌ను 2024 ఆగస్టు 23న 40 డాలర్లకు విడుదల చేసింది. ఆడేవాళ్లు రాక సెప్టెంబర్ 6న ఆపేసి, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చింది. అన్నేళ్ల కష్టం రెండు వారాల్లో పోవడం తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పరిష్కారం: ఒకే మోడ్, ఒకే రీజియన్‌తో మొదలుపెట్టండి. ఆడేది మనవాళ్లే అయితే ముంబై, హైదరాబాద్‌లలో ఏదో ఒక డేటా సెంటర్ చాలు. పది సెకన్లలో మనిషి దొరక్కపోతే బాట్‌ను (కంప్యూటరే ఆడించే ప్లేయర్‌ను) దింపండి. స్నేహితులను పిలుచుకోవడానికి రూమ్ కోడ్ తప్పకుండా ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, ఉన్నదంతా విడుదలకే ఊడ్చిపెట్టకండి. 'అమాంగ్ అస్' 2018లో వచ్చినా దాని రోజు వచ్చింది 2020లోనే. అంతవరకూ ఆ చిన్న టీమ్ గేమ్‌ను నడుపుతూనే ఉంది కాబట్టే ఆ అదృష్టం దక్కింది.

సమస్య: జనం విరగబడ్డారు, సర్వర్ బిల్లు చూస్తే టెన్షన్.

కారణం: 2024లో 'పాల్‌వరల్డ్'కు సర్వర్ల ఖర్చే నెలకు దాదాపు 7 కోట్ల యెన్‌లు అవుతుందని ఆ కంపెనీ అధినేత చెప్పారు. అది డబ్బిచ్చి కొనుక్కునే గేమ్ కాబట్టి తట్టుకుంది. ఉచిత గేమ్‌కు బిల్లు ముందొస్తుంది, ఆదాయం తర్వాత వస్తుంది.

పరిష్కారం: ఒక్కో ప్లేయర్ గంటసేపు ఆడితే మీకెంత ఖర్చో విడుదలకు ముందే లెక్క తేల్చుకోండి. తెల్లవారుజామున ఖాళీగా నడిచే సర్వర్లు వాటంతటవే ఆగేలా చూడండి. బిల్లుకు అలర్ట్ పెట్టండి. తట్టుకోలేనంత మంది వస్తే వరుసలో ఉంచండి, అప్పు చేసి సర్వర్లు పెంచకండి.

సమస్య: డౌన్‌లోడ్‌లు ఉన్నాయి, ఆదాయం లేదు.

కారణం, పరిష్కారం: డబ్బు కట్టినవాడికే గెలుపు అన్నట్టుంటే మిగతావాళ్లు వెళ్లిపోతారు. తుపాకీ బలం అమ్మకండి, డ్రెస్సులు అమ్మండి. పందెం జోలికి అసలే పోవద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం చట్టం తెచ్చి నిషేధించింది.