పెద్ద కుక్కను దత్తత తీసుకోవాలనుకుంటే ముందు గేటు గడియ చూసుకోండి

మొదటిసారి నా అప్లికేషన్ తిరగ్గొట్టారు. ఇల్లు చూడ్డానికి రెస్క్యూ వాళ్ళ (దిక్కులేని కుక్కలను చేరదీసి ఇళ్ళు వెతికిపెట్టే సంస్థ) తరఫున వచ్చినావిడ, నేను రెండు రోజులు తుడిచి తుడిచి మెరిపించిన హాలు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా గేటు దగ్గరికి వెళ్ళి, కొంచెం వంగి, అరచేతిని కుక్క మూతి ఎత్తులో పెట్టి గడియను కిందనుంచి పైకి ఒక్క తోపు తోసింది. గడియ లేచిపోయింది, గేటు కిర్రుమంటూ తెరుచుకుంది. ఆవిడ ఏమీ అనలేదు, కాగితం మీద ఏదో రాసుకుంది అంతే. నాకు మాత్రం విషయం అక్కడే అర్థమైపోయింది.

రెండోసారి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఇది రాస్తుంటే 58 కిలోల గ్రేట్ డేన్ క్రాస్ ఒకడు నా పాదం మీద తల పెట్టుకుని పడుకున్నాడు, కాలు తిమ్మిరెక్కింది. మధ్యలో ఆరు నెలలు నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను, మీకు ఆ ఆరు నెలలు కలిసొస్తాయేమో.

ముందుగా ఒకటి. రెస్క్యూ వాళ్ళు మీ ఇంటి శుభ్రతనో, మీ జీతాన్నో, మీకు కుక్కలంటే ఎంత ప్రేమో చూడ్డానికి రారు. ప్రేమ లేనివాళ్ళు అసలు అప్లికేషన్ పెట్టరు కదా. వాళ్ళ భయమంతా ఒక్కటే, ఈ కుక్క మళ్ళీ వెనక్కి వస్తుందా అని. పెద్ద కుక్కలు వెనక్కి రావడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ అవే: అనుకున్నదానికన్నా పెద్దదైపోయింది, తాడు పట్టుకుంటే లాక్కెళ్ళిపోతోంది, ఇల్లు మారుతున్నాం, ఇంటి ఓనరు ఒప్పుకోలేదు, పాప పుట్టింది. ఫారం నాలుగు పేజీలున్నా నలభై ప్రశ్నలున్నా అన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి. ఇది తెలిశాక జవాబులు రాయడం సులువు.

కిలోల లెక్క

అప్లికేషన్ ముట్టుకోకముందు బరువు గురించి ఆలోచించండి. లాబ్రడార్ 25 నుంచి 36 కిలోలు, దాన్నే మనం పెద్ద కుక్క అంటాం. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ లాంటివి 50 నుంచి 80 దాకా వెళ్తాయి, మాస్టిఫ్ మగకుక్కలైతే 100 కూడా దాటొచ్చు. తిండి ఎక్కువ తింటుందని అందరికీ తెలుసు, కానీ మందులు కూడా బరువును బట్టే ఇస్తారన్న సంగతి మొదటి బిల్లు వచ్చేదాకా చాలామందికి తట్టదు. నులిపురుగుల మాత్ర, ఆపరేషన్‌కి మత్తు, నొప్పి మాత్రలు, అన్నీ కిలోల లెక్కే. ఊరెళ్ళినప్పుడు వదిలిపెట్టే చోట కూడా పెద్దవాటికి వేరే రేటు ఉంటుంది, కొన్నిచోట్ల అసలు తీసుకోరు.

రెస్క్యూల్లో ఎనిమిది తొమ్మిది నెలల పిల్లను చూసి "ఇంతేగా, పర్లేదు" అనుకునేవాళ్ళు చాలామంది. బాగా పెద్ద జాతులు పూర్తిగా ఎదగడానికి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. అదీకాక ఇవి ఎక్కువ కాలం బతకవు. చిన్న కుక్కలు పద్నాలుగు, పదిహేనేళ్ళు ఉంటే గ్రేట్ డేన్‌కి ఏడు నుంచి పదేళ్ళు అంతే. అంటే ముసలితనం తొందరగా వస్తుంది, తుంటి కీళ్ళ నొప్పులూ తొందరగానే వస్తాయి.

నన్ను ఫోన్లో అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. "వాడు లేవలేని రోజు వస్తే కారులోకి ఎవరు ఎక్కిస్తారు?" నేను గబుక్కున "నేనే" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. 58 కిలోలంటే ఎదిగిన మనిషి బరువు, పైగా సహకరించని మనిషి. మీరు మేడ మీద ఉంటే, లిఫ్టు లేకపోతే, ఇంట్లో ఒక్కరే ఉంటే ఈ ప్రశ్నకు నిజమైన జవాబు ముందే వెతుక్కోండి. పక్కింటాయన సాయం వస్తాడు, దుప్పటిని స్ట్రెచర్‌లా వాడతాం, కారుకి ర్యాంప్ కొంటాం, ఏదైనా సరే. రెండోసారి నేను ఇవన్నీ చెప్పాను, ఆవిడ గొంతు మారిపోయింది.

ఫారం నింపేటప్పుడు

అబద్ధం రాయకండి, తెలిసిపోతుంది. రోజుకు ఎనిమిది గంటలు ఇంట్లో ఎవరూ ఉండకపోతే ఎనిమిది అనే రాయండి, దాని కిందే మధ్యాహ్నం ఎవరు వచ్చి బయట తిప్పుతారో కూడా రాయండి. ఉద్యోగం చేసేవాళ్ళకు కుక్కను ఇవ్వకూడదని ఎవరూ అనుకోరు, "రెండు గంటలే ఒంటరిగా ఉంటుంది" అని రాసి, తర్వాత ఫోన్లో ఆఫీసు టైములు చెప్పేవాళ్ళనే అనుమానిస్తారు.

అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నాడని నోటిమాటగా చెబితే చాలదు. కాగితం మీద, కుక్క అని మాత్రమే కాకుండా ఎంత బరువు, ఏ జాతి అనేది రాయించుకోండి. కుక్కలకు ఒప్పుకున్న అపార్ట్‌మెంట్లలో కూడా బరువు పరిమితులు, కొన్ని జాతుల మీద నిషేధాలు ఉంటాయి, అవి చూసుకోకుండా తెచ్చి నెల తిరక్కుండానే ఏడుస్తూ వెనక్కి ఇచ్చినవాళ్ళు ఉన్నారు.

ఇంట్లో ఇదివరకే పెంపుడు జంతువులుంటే మీ వెట్‌కి, అంటే పశువుల డాక్టరుకి, ఫోన్ చేస్తారు, ఇది ఖాయం అనుకోండి. టీకాల తేదీలు దాటిపోయి ఉంటే ఈరోజే వేయించండి. "ఫలానావాళ్ళు ఫోన్ చేస్తారు, వివరాలు చెప్పండి" అని క్లినిక్‌లో ముందే చెప్పి పెట్టండి, లేకపోతే వాళ్ళు గోప్యత అంటారు, మీ ఫైలు వారాల తరబడి అక్కడే ఆగిపోతుంది. ఇంతకుముందు ఏ జంతువూ లేకపోతే దగ్గర్లోని ఒక వెట్‌ని కలిసి మాట్లాడి ఆ పేరు రాయండి. రాత్రిపూట తెరిచి ఉండే ఆస్పత్రి ఎక్కడుందో కూడా కనుక్కోండి, అది ఎందుకో కింద చెబుతాను.

"ఏ పరిస్థితుల్లో కుక్కను తిరిగి ఇచ్చేస్తారు?" అన్న ప్రశ్నకు "ఎప్పటికీ ఇవ్వను" అని రాయాలనిపిస్తుంది. నేనూ అదే రాశాను. వినడానికి బాగుంటుంది గానీ అది ఆలోచించని జవాబు. మనిషిని కరిస్తే ఏం చేస్తారు, ఉద్యోగం పోతే ఏం చేస్తారు, మీకే ఏదైనా అయితే ఎవరు చూసుకుంటారు, ఇవి రాయండి.

ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు

ఇంట్లో ఉండేవాళ్ళంతా ఆ టైముకి ఇంట్లోనే ఉండేలా చూసుకోండి. ఒకరికి ఇష్టం లేకపోతే అది ముఖం మీదే కనబడుతుంది, అలాంటి ఇంటికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఆవరణ ఉంటే మీరే మోకాళ్ళ మీద కూర్చుని ఒక చుట్టు తిరగండి. నవ్వకండి, నేను చేశాను. నిలబడి చూస్తే కనబడని సందులన్నీ ఆ ఎత్తులో కనబడతాయి. గేటు కింద ఎంత ఖాళీ ఉంది, గోడ పక్కన మెట్టులా పనికొచ్చే బెంచీ, డ్రమ్ము, కుండీ ఏమైనా ఉన్నాయా, మట్టి మెత్తగా ఉండి తవ్వే వీలుందా. గోడ చాలావరకు ఐదారు అడుగులు అడుగుతారు. గోడే లేకపోయినా తలుపులు మూసుకున్నట్టు కాదు, రోజుకు మూడు నాలుగుసార్లు తాడుతోనే తిప్పుతానని ప్లాన్ చూపిస్తే, ముఖ్యంగా కాస్త వయసైన కుక్క అయితే, చాలామంది ఒప్పుకుంటారు. గడియ సంగతి మాత్రం మళ్ళీ చెప్పక్కర్లేదు కదా. నేను రెండు బిగించాను, ఒకటి మనిషి భుజం ఎత్తులో, ఒకటి అడుగున, రెండూ పక్కకి జరిపేవే, పైకి లేచేవి కావు.

ఇంటి లోపల రెండు విషయాలు చూస్తారు. నున్నటి నేల పెద్ద కుక్కలకు శత్రువు, కాళ్ళు జారి విడిపోతే కీళ్ళు దెబ్బతింటాయి, ఒకసారి జారిన కుక్క ఆ గది గుమ్మం దాటడానికే భయపడుతుంది. కాబట్టి తిరిగే దారి పొడుగునా జారని చాపలు వేయండి. రెండోది ఎత్తు. గ్రేట్ డేన్ ముందుకాళ్ళు ఎత్తకుండానే వంటగట్టు మీద ఏముందో చూస్తుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) కలిపిన చూయింగ్ గమ్, ఎలుకల మందు, ఇవన్నీ తలుపున్న అలమరలోకి పోవాలి. మూత లేని చెత్తబుట్ట కనబడితే ఏదో ఒకటి అంటారు.

పడక మందంగా ఉండాలి. ఇంత బరువున్న కుక్క గట్టి నేల మీద పడుకుంటే మోచేతుల దగ్గర చర్మం కాయలు కాస్తుంది, ఒక్కోసారి నీరు చేరి ఉబ్బుతుంది.

కడుపు ఉబ్బడం గురించి తప్పకుండా తెలుసుకోండి

ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్లో కడుపు గాలితో ఉబ్బి, తనలో తానే మెలిపడిపోతుంది. రక్తప్రసరణ ఆగిపోతుంది. గంటల్లో ప్రాణం పోతుంది, ఆపరేషన్ తప్ప దారి లేదు. గుర్తులు చెబుతాను, కంఠతా పట్టండి: వాంతికి ప్రయత్నిస్తుంది గానీ నురగ తప్ప ఏమీ రాదు, పొట్ట డోలులా బిగుసుకుంటుంది, చొంగ కారుతుంది, ఒక్కచోట పడుకోలేక లేచి తిరుగుతూ ఉంటుంది. ఇది చూశాక పొద్దున్న చూద్దాంలే అనుకోకూడదు, రాత్రి ఆస్పత్రి నంబరు అడిగేది అందుకే.

రిస్కు తగ్గించడానికి రోజుకు ఒక్కసారి కుండెడు పెట్టకుండా రెండు మూడు పూటలుగా పెట్టండి, గబగబా మింగేవాటికి లోపల గుబ్బలున్న గిన్నె వాడండి, తిన్న వెంటనే పరుగులు వద్దు. ఒకప్పుడు గిన్నెను ఎత్తు స్టాండు మీద పెట్టమనేవాళ్ళు, తర్వాత ఒక పరిశీలనలో ఎత్తు గిన్నెలకూ ఈ సమస్యకూ సంబంధం కనబడింది, కాబట్టి మెడ నొప్పి ఉన్న కుక్కకైతేనే, వెట్‌ని అడిగి పెట్టండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అప్పుడే కడుపును పొట్ట గోడకు కుట్టేసి మెలిపడకుండా చేయవచ్చు, మీరు చూస్తున్న కుక్కకు అది అయిందా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మీరు చదువుకుని వచ్చారని వాళ్ళకు తెలిసిపోతుంది.

కుక్కను కలిసినప్పుడు

ఫొటో చూసి మనసు పారేసుకోకండి. ఇది చెప్పినా ఎవరూ వినరు, నేనూ వినలేదు, సరే. కనీసం ఫోస్టర్‌గా, అంటే ఇల్లు దొరికేదాకా తాత్కాలికంగా, పెంచుతున్నవాళ్ళతో అరగంట మాట్లాడండి. పిల్లులతో ఎలా ఉంటుంది, చిన్నపిల్లలతో, తింటున్నప్పుడు దగ్గరికెళ్తే గుర్రుమంటుందా, కారు ఎక్కుతుందా, ఒంటరిగా వదిలితే తలుపు గీకుతుందా, ఉరుములకు ఏం చేస్తుంది. "చాలా మంచిది" అనే జవాబు దగ్గర ఆగకండి, "మిమ్మల్ని ఎక్కువగా విసిగించే అలవాటు ఏది?" అని అడగండి. అప్పుడు నిజాలు వస్తాయి.

తాడు మీరే పట్టుకుని నడవండి, ఇంట్లో పెద్దవాళ్ళలో అందరికన్నా బరువు తక్కువున్నవాళ్ళ చేతికి కూడా ఇవ్వండి. ఛాతీ ముందు కొక్కెం ఉండే హార్నెస్ (మెడకు కాకుండా ఒంటికి తొడిగే పట్టీలు) అయితే లాగుడు తగ్గుతుంది. మీ ఇంట్లో ఇంకో కుక్క ఉంటే రెండింటినీ ముఖాముఖి నిలబెట్టొద్దు, రెండింటిదీ కాని చోట, కాస్త ఎడంగా, ఒకే దిక్కుకి పక్కపక్కన నడిపించండి. వాసన చూసుకోవడాలు తర్వాత.

కాదన్నారనుకోండి, కోపం మింగి కారణం అడగండి. చాలాసార్లు అది మీకు చెప్పిన "కాదు" కాదు, ఆ కుక్కకు ఈ ఇల్లు సరిపోదన్నమాట. నాకు గేటు అన్నారు, బాగుచేసి ఫొటోలు పంపాను, మళ్ళీ వచ్చి చూశారు.

ఒప్పందం కాగితం చదివి సంతకం పెట్టండి. ఎప్పుడైనా పెంచలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకుండా తమకే తిరిగి ఇవ్వాలని దాదాపు అందరూ రాయించుకుంటారు. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే, దాని నంబరు నమోదైన చోట మీ ఫోన్ నంబరు ఎక్కిందో లేదో ఆ వారంలోనే చూసుకోండి.

ఇంటికి వచ్చిన మొదటి రోజుల్లోనే ఎక్కువ కుక్కలు తప్పించుకుంటాయి. కాలర్‌కి ఒక తాడు, హార్నెస్‌కి ఒక తాడు, రెండూ వేయండి, అతిగా అనిపించినా సరే. చుట్టాలను పిలవద్దు, స్నానం వద్దు, అప్పటిదాకా తిన్న తిండే పెడుతూ వారం పదిరోజుల్లో మెల్లగా మార్చండి. రెస్క్యూల్లో ఒక మాట వాడతారు, మూడు రోజులు బెదురు, మూడు వారాలకు అలవాటు, మూడు నెలలకు తన ఇల్లు అనుకోవడం. మావాడు మొదటి రెండు రోజులు సోఫా వెనకే ఉన్నాడు, ఆ శరీరం అక్కడ ఎలా పట్టిందో ఇప్పటికీ నాకు తెలీదు.

నాలుగో రోజు పొద్దున్న మొదటిసారి తనంతట తాను ఆవరణలోకి వచ్చాడు. నేరుగా గేటు దగ్గరికి వెళ్ళి, మూతి గడియ కింద పెట్టి, పైకి ఒక తోపు తోశాడు. ఇంకోసారి తోశాడు. తర్వాత నా వైపు ఓసారి చూసి, అక్కడే ఎండలో పడుకున్నాడు.