ట్రైనింగ్‌లో వచ్చింది, మెషీన్ దగ్గర రావట్లేదా? కొత్త సీఎన్‌సీ ఆపరేటర్‌కి ధైర్యం ఎలా పట్టాలి

ఐటీఐలో ఆఫ్‌సెట్ కరెక్షన్ (పీసు సైజు సరిచేయడానికి మెషీన్‌లో కొట్టే సవరణ అంకె) చకచకా చేసి చూపించిన కుర్రాడే బాలానగర్‌లోనో, ఆటోనగర్‌లోనో ప్రొడక్షన్ సీఎన్‌సీ మెషీన్ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసే యంత్రం) ముందు నిలబెట్టేసరికి బిగుసుకుపోతాడు. "వీడికి అక్కడ ఏం నేర్పారో" అని సూపర్‌వైజర్ విసుక్కుంటాడు. చాలాసార్లు నేర్పడంలో లోపం ఉండదు. క్లాసులో పాడయ్యేది ప్రాక్టీస్ ముక్క, ఇక్కడ పాడయ్యేది కస్టమర్ పీసు. దాంతో ప్రతి చిన్నదానికీ "అన్నా, ఒకసారి వస్తావా" అంటాడు. సెట్టర్ (మెషీన్ సెట్ చేసే సీనియర్) వచ్చి తనే కీలు నొక్కేసి పోతాడు. ఇలా నెల గడిస్తే నేర్చుకున్నది కాస్తా మరుగున పడుతుంది.

చేయగలనన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే చెప్పారు: సొంతంగా చేసి గెలవడం, తనలాంటివాడు చేస్తుంటే చూడటం, నమ్మదగిన మనిషి మాట, ఒంట్లో కంగారు లేకపోవడం. వీటిలో మొదటిదే బలమైనది. మన షాపుల్లో మాత్రం మూడోదాంతో సరిపెడతారు. భుజం తట్టి "నువ్వు చేయగలవురా" అంటారు, సైజు కొలిచే మైక్రోమీటర్ మాత్రం చేతికివ్వరు.

అందుకే చేరిన మొదటి వారంలోనే, ట్రైనింగ్‌లో చేసినదానికి దగ్గరగా ఉన్న ఒక్క జాబ్ అప్పగించండి. సాదా అవుట్‌సైడ్ టర్నింగ్ (పీసు బయటి వైపు కోయడం) చాలు. థ్రెడింగ్ (మరలు), గ్రూవింగ్ (గాళ్లు) తర్వాత చూసుకోవచ్చు. పాత రిజెక్షన్‌లో ఇంకా మెటీరియల్ మిగిలిన పీసులు ఐదారు తీసి పక్కన పెట్టండి. అవి పోతే షిఫ్ట్ రిజెక్షన్‌లో రాయబోమని ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో సగం కంగారు తగ్గుతుంది.

ఇచ్చే కొలత పరికరం కూడా సరిపోవాలి. ఉదాహరణకు 25 మి.మీ. వ్యాసం, హెచ్7 (చిన్న h) టాలరెన్స్ తరగతి ఉన్న షాఫ్ట్: పైన 25.000, కింద 24.979, అంటే 21 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) టాలరెన్స్, అనుమతించే తేడా. 0.02 మి.మీ. లీస్ట్ కౌంట్ (చదవగల అతి చిన్న కొలత) ఉన్న వెర్నియర్ దీనికి పనికిరాదు. కుర్రాడు దాంతో కొలిచి సరిగ్గానే చేసినా క్వాలిటీ వాళ్లు వెనక్కి పంపితే, తప్పు తనదే అనుకుంటాడు. మైక్రాన్ చదివే డిజిటల్ మైక్రోమీటర్ ఇచ్చి, ముందు జీరో చూసుకోవడం, ర్యాచెట్ మూడు క్లిక్కులు తిప్పడం అలవాటు చేయించండి. బర్ (కోత అంచున మిగిలే పొక్కు), కూలెంట్ తుడవాలి. పీసు చల్లారాలి కూడా: స్టీల్ 20 డిగ్రీలు వేడెక్కి ఉంటే 25 మి.మీ. వ్యాసం దాదాపు 6 మైక్రాన్లు పెద్దదిగా చూపిస్తుంది. ఉన్న టాలరెన్స్‌లో పావు వంతు పైగా అక్కడే పోయింది.

అసలు కొత్తవాళ్ల చేయి వణికేది ఇన్సర్ట్ (టూల్‌కి బిగించే కోత ముక్క) మార్చాక. అక్కడ ఈ వరుస పట్టించండి:

1. వేర్ ఆఫ్‌సెట్‌లో (టూల్ అరుగుదలకు ఇచ్చే సవరణ) ఉన్న విలువను ముందు కాగితం మీద రాయాలి.
2. ఎక్స్‌లో (వ్యాసం దిశ) సేఫ్టీ కోసం 0.2 మి.మీ. సవరణ ఇవ్వాలి. అవుట్‌సైడ్ టర్నింగ్‌కి ప్లస్, బోరింగ్‌కి (లోపలి రంధ్రం కోయడం) మైనస్. ఇక్కడ గుర్తు తారుమారైతే మొదటి పీసు పోయినట్టే.
3. ర్యాపిడ్ ఓవర్‌రైడ్ (టూల్ వేగంగా కదిలే వేగం) 25 శాతం, సింగిల్ బ్లాక్ (ఒక్కో లైన్ చొప్పున నడిపే మోడ్) ఆన్, వేలు ఫీడ్ హోల్డ్ (కదలిక ఆపే బటన్) మీద. టూల్ పీసుకి దగ్గరయ్యాక ఆపి, స్క్రీన్ మీద డిస్టెన్స్ టు గో (ఇంకా కదలాల్సిన దూరం), కంటికి కనిపించే దూరం సరిపోయాయో చూడాలి.
4. కోసి, కొలిచి, కరెక్షన్ ఇచ్చి, మళ్లీ కోయాలి.

కరెక్షన్ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. పీసు 25.030 వచ్చింది, కావలసింది టాలరెన్స్ మధ్యలో 24.990. అంటే 0.040 తగ్గాలి. వేర్‌లో అప్పటికే -0.020 ఉందనుకుందాం. ఫానక్ కంపెనీ కంట్రోల్‌లో -0.04 కొట్టి 'ప్లస్ ఇన్‌పుట్' నొక్కితే పాతదానికి కలిసి -0.060 అవుతుంది, పీసు సరిగ్గా వస్తుంది. ఉత్త 'ఇన్‌పుట్' నొక్కితే పాత విలువ చెరిగి -0.040 కూర్చుంటుంది. తగ్గేది 0.020 మాత్రమే, పీసు 25.010 దగ్గర ఆగుతుంది. లెక్క సరిగ్గానే వేసిన పిల్లాడికి ఎక్కడ తేడా వచ్చిందో అంతుపట్టదు. ఇక లెక్క మీదే నమ్మకం పోతుంది. పొరపాటున -0.4 కొడితే మాత్రం ఆ పీసు స్క్రాపే. పాయింట్ లేకుండా 40 అని కొడితే కొన్ని మెషీన్లు మైక్రాన్లుగా, కొన్ని మి.మీ.గా తీసుకుంటాయి. మీ మెషీన్ ఏది తీసుకుంటుందో టేపు మీద రాసి ప్యానెల్‌కి అంటించండి.

ఇదంతా జరుగుతున్నంతసేపూ సెట్టర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. చెప్పినంత తేలిక కాదిది. టార్గెట్ తరుముతుంటే "జరుగు, నేను చేస్తా" అనే మాట నోటిదాకా వస్తుంది. టూల్ చక్‌కి (పీసుని పట్టుకునే భాగం) తగిలేలా ఉంటే ఫీడ్ హోల్డ్ నొక్కాలి, సందేహం లేదు. మిగతా సమయంలో ఒకే ప్రశ్న: "ఇప్పుడు కోస్తే సైజు ఎంత వస్తుంది, చెప్పు?" చెప్పిన సైజు ఒక గడిలో, కొలిచింది పక్క గడిలో రాయించండి. వరసగా పది పీసుల్లో తేడా 5 మైక్రాన్లు దాటకపోతే ఆ జాబ్ అతనికి వదిలేయొచ్చు. అతి ధీమాని పట్టించేదీ ఈ కాగితమే. గట్టిగా మాట్లాడే కుర్రాడి అంకెలు 20 మైక్రాన్లు అటూఇటూ పోతుంటే నైట్ షిఫ్ట్‌లో ఒంటరిగా పెట్టకండి. నోరు మెదపని అమ్మాయి అంకెలు కుదురుగా ఉంటే మెషీన్‌ని మొదట ఆమెకే అప్పగించండి. షాపుల్లో దీనికి తలకిందులుగా జరగడం మామూలే.

మెచ్చుకునేటప్పుడు కూడా పని పేరు పెట్టి చెప్పాలి. "శభాష్" అంటే రేపు ఏం మళ్లీ చేయాలో తెలియదు. "వేర్ విలువ ముందే రాసుకున్నావు, అందుకే సైజు తప్పినా వెనక్కి రాగలిగావు" అంటే తెలుస్తుంది. నిన్నటి అప్రెంటిస్ చేస్తుంటే ఒక అరగంట చూడనివ్వండి. ఇరవయ్యేళ్ల అనుభవమున్న సెట్టర్‌ని చూస్తే "ఆయన వేరు" అనుకుంటాడు, ఆర్నెల్ల సీనియర్‌ని చూస్తే అలా అనుకోడు.

ఎప్పుడో ఒకప్పుడు టూల్ గుద్దుకుంటుంది. ఆపి పిలవాలని, కంగారులో జాగ్ బటన్ (టూల్‌ని చేత్తో కదిపేది) నొక్కకూడదని మొదటిరోజే చెప్పి ఉంచండి. తప్పు దిశలో నొక్కితే టూల్ ఇంకా లోపలికి దిగుతుంది. టరెట్ (టూళ్లు బిగించే భాగం) అలైన్‌మెంట్ సరిచూసి మెషీన్ సిద్ధమయ్యాక, వీలైతే అదే షిఫ్ట్‌లో, అదే ఆపరేషన్ అతనితోనే చేయించండి, ర్యాపిడ్ 25 శాతంలో, సెట్టర్ పక్కన ఉండగా. వారంపాటు ప్యాకింగ్‌కి పంపి తర్వాత తీసుకొచ్చిన కుర్రాడు ఆ మెషీన్ దగ్గరికి రావడానికే జంకుతాడు.