బెంగళూరా మామిడి, నిమ్మకాయ బ్రెడ్ ఇంట్లోనే ఎలా చేయాలి?

జూన్ వచ్చిందంటే చిత్తూరు వైపు ఎవరింటికెళ్లినా ఓ మూలన గంపెడు బెంగళూరా కాయలుంటాయి, అదే తోతాపురి. సగం పచ్చిగానే ఉప్పూకారంతో అయిపోతాయి, మిగతా సగం ఒకేసారి పండి కూర్చుంటాయి. పల్ప్ ఫ్యాక్టరీలకు లారీల్లో తోలే ఈ పండును కోసిస్తే మా పిల్లలు మూతి తిప్పుకుంటారు, బంగినపల్లి తిన్న నోటికి ఇది ఎక్కడ ఆనుతుంది! బ్రెడ్‌కి మాత్రం నేను ఇదే వాడతాను. గుజ్జు చిక్కగా వస్తుంది, పీచు తక్కువ, కాస్త పులుపు కూడా ఉంటుంది.

దీనికి ఈస్ట్ అక్కర్లేదు, పిండి పొంగేదాకా కాచుకునే పనీ లేదు. గుడ్డు కూడా వేయను, శనివారం మా ఇంట్లో ఎవరూ ముట్టరు.

మైదా రెండు కప్పులు (250 గ్రాములు), మామిడి గుజ్జు ఒక కప్పు, చక్కెర ముప్పావు కప్పు, పెరుగు అర కప్పు, వాసన లేని నూనె 80 మి.లీ., బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, వంటసోడా అర టీస్పూను, చిటికెడు ఉప్పు, రెండు నిమ్మకాయలు. డబ్బాలో దొరికే తీపి గుజ్జయితే చక్కెర అర కప్పు చాలు.

అన్నిటికంటే ముందు ఓవెన్‌ను 175 డిగ్రీలకు పెట్టేయండి, బ్రెడ్ టిన్నుకు నూనె రాసి మైదా చల్లి పక్కన ఉంచండి. ఇది ముందే ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు నిమ్మకాయలు. కడిగి, తడి తుడిచి, సన్న తురుముపీట మీద పైపైన రుద్దండి. మన నిమ్మకాయ తొక్క పల్చన, రెండు రుద్దులకే తెల్లటి పొర బయటపడుతుంది, అది కనిపించగానే కాయ తిప్పేయాలి. ఆ తెలుపు కొంచెం పడినా బ్రెడ్ మొత్తం చేదే. తురుమును చక్కెరలో వేసి వేళ్లతో నలపండి. ఒక నిమిషానికి చక్కెర తడి ఇసుకలా అయి, వంటిల్లంతా నిమ్మ వాసన కొడుతుంది. ఈ పని మాత్రం మానకండి, వాసనంతా ఆ తొక్క నూనెలోనే ఉంది.

ఆ చక్కెరలోనే గుజ్జు, పెరుగు, నూనె, ఒక టేబుల్ స్పూను నిమ్మరసం వేసి కలపండి. మైదా, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు విడిగా జల్లించుకోండి. ఈ రెండూ కలిసిన క్షణం నుంచి తొందరపడాలి, ఎందుకంటే పులుపు తగలగానే సోడా గ్యాస్ వదలడం మొదలుపెడుతుంది, బ్రెడ్‌ను లేపేది ఆ గ్యాసే. ఒకసారి నేను పిండి కలిపాక ఓవెన్ ఆన్ చేశాను, అంతలో గాలివాన, కరెంటు పోయింది, వచ్చేసరికి ముక్కాలు గంట. ఆ రోజు వచ్చింది బ్రెడ్ కాదు, ఇటుక.

గరిటెతో పది పదిహేను సార్లు తిప్పితే చాలు, పొడి పిండి కనిపించకపోతే ఆపేయండి. చిన్న చిన్న ఉండలున్నా టెన్షన్ పడొద్దు. దోసెల పిండిలా గిలక్కొడితే మైదా సాగి రబ్బరులా తయారవుతుంది.

టిన్నులో పోసి 50 నుంచి 60 నిమిషాలు. పైన మరీ ఎర్రబడుతుంటే అల్యూమినియం ఫాయిల్ కప్పండి. మధ్యలో పుల్ల గుచ్చితే పచ్చి పిండి అంటకూడదు. పైన నిలువుగా పగులుతుంది, ఇలాంటి బ్రెడ్‌కి అది మామూలే.

పది నిమిషాలాగి టిన్నులోంచి తీయండి, పూర్తిగా చల్లారాకే కోయండి, వేడి మీద కోస్తే ముద్దముద్దగా విరిగిపోతుంది. మన ఎండలకు ఒక రోజు మించి బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఫ్రిజ్‌లో కాస్త గట్టిపడుతుంది, పెనం మీద చుక్క నెయ్యి వేసి రెండు వైపులా కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది.