ఏ దేశం వెళ్లాలో జీతం చూసి తేల్చకండి

గుంటూరు బ్రాడీపేటలో నా దగ్గర ట్యూషన్ చదివిన పిల్లలు వీసా పనిలో పడగానే అడిగేది ఒకటే: "మేడమ్, ఏ దేశం మంచిది?" ముందు కాగితం చేతికిస్తాను. ఏది లేకపోతే మీకు ఊపిరాడదో రాయండి, అమ్మానాన్నల మాట కాదు, మీ మాట.

ఒకమ్మాయి రాసింది: ఒంటరిగా అద్దె ఇల్లు, పెళ్లయ్యాకా ఉద్యోగం, నచ్చనిదాన్ని బయటికి చెప్పే హక్కు. వాటిని పట్టుకుని చట్టాలు చూశాం. అమెరికాలో హెచ్1బి అనే ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యకో భర్తకో వచ్చేది హెచ్4 వీసా. గ్రీన్‌కార్డు పని కొంత ముందుకు సాగితే తప్ప దాంతో ఉద్యోగం చేయడానికి లేదు. జర్మనీలో బ్లూకార్డు, అంటే పెద్ద చదువుల విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి, ఉంటే జీవిత భాగస్వామి కూడా పని చేసుకోవచ్చు. సింగపూర్‌లో అర్ధరాత్రి ఆడపిల్ల ధైర్యంగా నడుస్తుంది. కానీ అనుమతి లేకుండా ఒక్కరే ప్లకార్డు పట్టుకుని నిలబడ్డా నేరం కావచ్చు. ఆ అమ్మాయికి ఈ ముక్క చాలా ముఖ్యమైంది.

చట్టం తర్వాత ఇరుగుపొరుగు. జర్మనీలో ఆదివారం చాలా షాపులు మూత. రాత్రి పదింటికి మిక్సీలో అల్లప్పచ్చడి రుబ్బితే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. ఇలాంటివి ఏజెంటు చెప్పడు. అక్కడ ఒక చలికాలం గడిపిన మనవాళ్లనే అడగండి.

పౌరసత్వం సంగతీ ఇప్పుడే చూసుకోండి. వేరే దేశానిది తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో రాకపోకలు సులువే గానీ ఇక్కడ ఓటు ఉండదు, పొలం కొనలేరు. తాతల పొలం వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు.