దొరికిన తుపాకీని తుడిచే ముందు

నర్సంపేట వైపు మా పెద్దబాపు ఇంట్లో దొంగతనంలో పోయిన లైసెన్స్ తుపాకీ, డబుల్ బ్యారెల్‌ది, వానాకాలం నడుమ ఒక చెలక గట్టున యూరియా సంచిలో దొరికింది. యూరియా గాలిలోని చెమ్మను గుంజుకుంటుంది. సంచి మడత తగిలిన చోటల్లా ఎర్రటి తుప్పు చారలు. పెద్దబాపు ఆగలేక భుజం మీది తువ్వాల తీసి తుడవబోతే ఎస్సై చెయ్యి పట్టి ఆపాడు.

అదే మొదటి జాగ్రత్త. దొంగ వేలిముద్రలు దాని మీద ఉండొచ్చు. కేసు ప్రాపర్టీ, అంటే కేసు కింద పోలీసులు పట్టుకున్న వస్తువు కాబట్టి కోర్టులో పిటిషన్ వేసి విడిపించుకోవాలి. దీనికి పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 451వ సెక్షన్, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 497. ఈలోపు లైసెన్స్ గడువు దాటకుండా చూసుకోండి.

చేతికొచ్చాక స్టేషన్‌లో చూసే ఉంటారులే అనుకోవద్దు. మూతి మనుషుల వైపు లేకుండా పట్టుకుని, ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా గొట్టాలను వెనుక మడత దగ్గర విప్పి, తూటా పెట్టే రెండు గదుల్లోనూ ఏమీ లేదని కళ్లతో చూడండి, వేలితో తడమండి. తుప్పుకు బిగుసుకుపోయి విప్పుకోకపోతే సుత్తి జోలికి పోకండి. లోపల తూటా ఉందనే లెక్క. స్టేషన్‌కు చెప్పి, లైసెన్స్ ఉన్న ఆయుధాల రిపేరు షాపు వాళ్లతోనే విప్పించాలి.

ఖాళీ అని తేలాక వెనుక నుంచి వెలుతురు వైపు గొట్టంలోకి చూడండి. మట్టి, కందిరీగ గూడు ఏది అడ్డమున్నా పేలిస్తే గొట్టం చీలిపోతుంది. రాడ్‌కు ఇత్తడి బ్రష్ పెట్టి వెనుక నుంచి మూతి వైపు తోయాలి, తర్వాత పొడి గుడ్డ, చివరికి గన్ ఆయిల్ పలచగా. పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి చేయండి. సీసం మసి అంటుతుంది కాబట్టి చేతులు సబ్బుతో కడిగాకే అన్నం. పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.

గరుకు కాగితం మాత్రం వద్దే వద్దు. తుప్పుతో పాటు తుపాకీ మీద చెక్కిన నంబర్ కూడా అరిగిపోతుంది. నంబర్ చెరిపేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. పక్కనే దొరికిన తడిసిన తూటాలను ఎండబెట్టి వాడకుండా పోలీసులకే అప్పజెప్పండి.

పెద్దబాపు తుపాకీ శుభ్రం చేశాక అద్దంలా మెరిసింది. షాపులో చూపిస్తే, ఎడమ గొట్టం లోపల ఉంగరంలా నల్లటి నీడ కనబడింది. అక్కడ ఉబ్బిందట, పేల్చొద్దన్నారు. ఈసారి మక్కచేనుకు పందులొస్తే ఆయన టార్చిలైటు, డప్పు పట్టుకునే పోయాడు.